పెన్సిలుతో పూడ్చిన నీడ

మెడ మీద కత్తి పెట్టడానికి ఇంకా నాలుగు గంటలుందనగా ఆ చీటీ భూతద్దం బల్ల మీదికి వచ్చింది.

భూతద్దం అంటే వస్తువు కాదు, మనిషి. ఆపరేషన్లలో తీసిన కండ ముక్కలను పలచగా కోయించి, గాజు పలకల మీద పరిపించి, మైక్రోస్కోపులో చూసి, ఇది ఫలానా జబ్బని తేల్చే పెద్ద డాక్టరమ్మ. మెడలో నల్లతాడుకు చిన్న భూతద్దం వేలాడేసుకుని తిరుగుతుంది గనుక ఆస్పత్రిలో అందరూ చాటుగా ఆ పేరుతోనే పిలుస్తారు. చాటుగా అని వాళ్లు అనుకుంటారు. ఆవిడకు ఎప్పుడో తెలిసిపోయింది, పైగా ఆ పేరంటే ముద్దు కూడా. మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. ఉద్యోగంలో ఇంకో రెండేళ్లే మిగిలాయని అందరూ జాలిపడుతుంటే, ఇంకా రెండేళ్లు ఉన్నాయని ఆవిడ సంబరపడుతూ ఉంటుంది.

చీటీలో ఉన్నది కొంచెమే. మెడ ఎడమ పక్క గడ్డ. గ్రంథి వాపు కావచ్చు. మూడింటికి ముక్క పంపుతాం, మనిషి బల్ల మీద ఉండగానే చూసి చెప్పాలి. కింద కాలరు సంతకం.

కాలరు అన్నది కూడా ముద్దుపేరే. కోటు గుండీలు గడ్డం దాకా బిగించుకుని తిరిగే సర్జను అతను. ఎండలు మండిపోతున్నా పై గుండీ విప్పడు. అద్దం ముందు అరగంట నిలబడితే గానీ ఇల్లు కదలడని నర్సుల వేళాకోళం. ఒకప్పుడు భూతద్దం దగ్గర పాఠాలు చదువుకున్నవాడే. చేయి బంగారం, అందులో ఎవరికీ అనుమానం లేదు. వాదన మొదలెడితే మాత్రం తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు.

భూతద్దానికి ఒక అలవాటుంది. ముక్క రాకముందే వెళ్లి మనిషిని చూస్తుంది. ముక్క చెప్పేది సగమే, మిగతా సగం మనిషి దగ్గరే ఉండిపోతుందని ఆవిడ నమ్మకం. తోటి డాక్టర్లు దీన్ని చాదస్తం అంటారు. ఆవిడ తీరిగ్గా టీ తాగి, కప్పు కడిగి బోర్లించి, పై అంతస్తుకు బయలుదేరింది.

రోగి నలభై దాటిన మనిషి. మంచం మీద కూర్చుని, కిటికీ తెర ఎంత జరిపితే పక్క మంచం ముసలావిడ ముఖం మీద వెలుతురు బాగా పడుతుందో చూస్తోంది. ఆస్పత్రి వెనకవీధిలో మూడు తరాలుగా నడుస్తున్న ఫొటో స్టూడియో ఈవిడదే. ఇంకో సంగతి కూడా వెంటనే తెలిసింది, ఈవిడ కాలరుకు సొంత చెల్లెలు.

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదండీ. మా ఇంట్లో అది తిరగబడింది. జలుబు చేసినా అన్నయ్యే, గడ్డ లేచినా అన్నయ్యే" అంటూ ఫొటోగ్రాఫరమ్మ నవ్వింది.

భూతద్దం స్టూలు దగ్గరికి లాక్కుని ప్రశ్నలు మొదలుపెట్టింది. గడ్డ ఎప్పటి నుంచి? నాలుగైదేళ్లుగా ఉందట, బఠాణీ అంత ఉన్నది ఇప్పుడు ఉసిరికాయంత అయ్యిందట. నొప్పి లేదు, జ్వరం లేదు, ఒళ్లు తగ్గలేదు. గ్రంథి వాపయితే ఇంత మర్యాదగా ఇన్నేళ్లు కూర్చోదని భూతద్దం మనసులో ఒక గీత గీసుకుంది. తర్వాత అడిగిన ప్రశ్నకు మాత్రం ఫొటోగ్రాఫరమ్మ కాసేపు ఆలోచించింది. కళ్లు తిరగడం లాంటిది ఏమైనా ఉందా అని ఆ ప్రశ్న.

ఉందట. కెమెరా పట్టీ మెడలో ఎడమ పక్కకు జరిగి బిగుసుకుంటే కళ్ల ముందు చీకట్లు కమ్ముతాయట. ఒకసారి పెళ్లిలో గుంపు ఫొటో తీస్తూ నిలువునా కూలబడితే, ఆకలి మీద ఉందనుకుని పెళ్లివారు బిస్కెట్లు తినిపించారట.

"తిన్నాక తగ్గిందా?"

"తినడానికి పట్టీ తీశానుగా. అప్పుడే తగ్గింది."

భూతద్దం అనుమతి అడిగి, గడ్డను రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. అటూ ఇటూ తోస్తే కదిలింది. పైకీ కిందికీ తోస్తే మొండికేసింది. వేళ్లను కాసేపు అలాగే ఉంచింది. గడ్డ లోపల నాడి కొట్టుకుంటోంది.

మెడలో గడ్డలు చాలా రకాలు. గ్రంథులు వాస్తే అన్ని వైపులా కదులుతాయి. కొవ్వు గడ్డలు మెత్తగా జారతాయి. నరం తొడుగు మీద లేచే గడ్డ ఇలాగే పక్కలకు మాత్రమే కదులుతుంది, కానీ దానికి నాడి ఉండదు. ఇంకొక్కటి మిగులుతుంది. మెదడుకు నెత్తురు తీసుకెళ్లే పెద్ద నాళం మెడలో రెండుగా చీలే చోట బియ్యపుగింజంత కండ ఒకటుంటుంది. నెత్తురులో ప్రాణవాయువు ఎంత ఉందో కనిపెట్టడం దాని ఉద్యోగం. లక్షమందిలో ఒకరికి అది పెరిగి గడ్డవుతుంది. దానంతట దాన్ని వదిలేస్తే చాలా నెమ్మది మనిషే. గ్రంథి అనుకుని కత్తి పెడితే మాత్రం నెత్తురు ఆగదు. ఆపడానికి ఆ నాళాన్నే నొక్కితే మెదడుకు అన్నం అందదు. చేయీ కాలూ పడిపోవచ్చు, మాట పోవచ్చు, మనిషే పోవచ్చు.

ఈ రకం గడ్డ కొన్ని కుటుంబాల్లో పారుతుంది. అందుకే భూతద్దం చివరి ప్రశ్న వేసింది. మీ ఇంట్లో ఇంకెవరికైనా మెడలో ఇలాంటిది ఉండేదా?

"ఎవరికీ లేదండీ" అని ఫొటోగ్రాఫరమ్మ తడుముకోకుండా చెప్పింది. "మా తాతను నేను చూడలేదు. నాన్న బతికున్నన్నాళ్లూ మెడకు మఫ్లరు చుట్టుకుని ఉండేవాడు, జలుబు మనిషి. కానీ మా స్టూడియో గోడ నిండా అందరి ఫొటోలూ ఉన్నాయి. ఒక్క మెడ మీదా ఏమీ ఉండదు. మా బోర్డు మీద ఏముందో తెలుసుగా, ఉన్నది ఉన్నట్టే అని. మచ్చలూ ముడతలూ దిద్దమని ఎంతమంది బతిమాలినా నాన్న ఒప్పుకునేవాడు కాదు. మా గోడ అబద్ధం చెప్పదండీ."

అప్పటిదాకా నవ్వుతున్న మనిషి గొంతు తగ్గించింది. "మా అమ్మాయికి రాదు కదా ఇది? నాకేమైనా ఫరవాలేదు. అది చెప్పండి చాలు."

తెలియనిది తెలుసని చెప్పడం భూతద్దానికి చేతకాదు. సాయంత్రంలోగా తెలుసుకుని చెబుతానని మాటిచ్చి బయటికి వచ్చింది.

కాలరు వరండాలోనే ఎదురుపడ్డాడు. భూతద్దం తన అనుమానం చెప్పి, రంగు మందు ఎక్కించి నాళాలు కనబడేలా స్కాను తీయించమంది. అతను విననే లేదు. మామూలు స్కాను అయ్యింది, గ్రంథి అని రాసిచ్చారు, చాలంటాడు. రంగు స్కానుకు వారం దాకా వరస ఉంది, వరస తప్పించాలంటే తన సంతకం కావాలి, ఊహల మీద సంతకం పెట్టనంటాడు.

"చెల్లెల్ని నీ చేత్తో కోయడం ఎందుకు నాయనా, ఇంకొకరికి అప్పగించు" అని భూతద్దం మెత్తగానే అంది.

"ఇంకొకరి చేతుల్లో పెట్టలేకే నేను కోస్తున్నాను మేడం. మీ పని ముక్క వచ్చాక మొదలవుతుంది."

"ఈ ముక్క నాకు రాకుండా చూసుకోవడమే ఇవాళ నా పని."

"కుటుంబంలో పారే జబ్బంటున్నారు. మా కుటుంబంలో ఎవరికుంది? ఒక్కరిని చూపించండి, సంతకం పెడతాను. మూడింటి దాకా టైముంది" అన్నాడతను, కాలరు సర్దుకుంటూ. అప్పుడు ఆవిడ ఆ చేతిని చూసింది గానీ దాని గురించి ఆలోచించలేదు. ఆలోచించాల్సింది.

స్టూడియో తాళం ఫొటోగ్రాఫరమ్మ భర్త దగ్గరుంది. ఫ్రేములు కట్టడం అతని పని. పెళ్లాం మెడ మీద కత్తి పడబోతోందని ఉదయం నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. దారిలో నాలుగుసార్లు తాళంచెవి కింద పడేసుకున్నాడు. భూతద్దం నాలుగోసారి దాన్ని తానే తీసి జేబులో వేసుకుంది.

లోపల ఇరుకు గది, ఎత్తు స్టూలు, గొడుగు దీపాలు రెండు. ఎడమ గోడ నిండా కుటుంబం. తాత పంచెకట్టులో కాక సూటులో, చేయి కుర్చీ వీపు మీద వేసి. నాన్న కెమెరా పక్కన, ఫొటో కోసం మఫ్లరు తీసి. మేనత్త, ఆవిడ కొడుకులు ఇద్దరు. కాలరు, పెద్ద సర్జను పదవి వచ్చిన రోజున, అప్పట్లో ఇంకా పై గుండీ పెట్టుకోకుండా. అది నాన్న తీసిన ఆఖరి ఫొటో అట. అందరి మెడలూ నున్నగా ఉన్నాయి.

భూతద్దం నాన్న ఫొటో ముందు చాలాసేపు నిలబడింది. డెబ్భై ఏళ్ల ముఖం. నుదుటి మీద ముడతలు, కళ్ల కింద సంచులు, ముక్కు పక్కన పులిపిరి, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. దవడ దిగాక మెడ మాత్రం ఇరవై ఏళ్ల కుర్రాడిది.

"మీ మామగారు మెడకు ఏమైనా రాసుకునేవారా?" అని అడిగింది.

"ఆయనా? సబ్బు రాసుకోవడమే గొప్పండీ."

నెగటివ్‌లు దాచారా అని అడిగితే అతను గాబరాగా బీరువా తెరిచాడు. తాతవీ మేనత్తవీ గాజు పలకలు, మిగతావి పెద్ద ఫిల్ములు, ఒక్కొక్కటి ఒక్కో కాగితపు జేబులో. గాజు పలక చేతికి రాగానే భూతద్దానికి ప్రాణం లేచి వచ్చింది. జీవితమంతా గాజు పలకలు చూసే బతికిన మనిషి. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుతురు ఏటవాలుగా పడేలా పలకను వంచి, మెడలోని భూతద్దం కంటికి ఆనించింది.

ముందు మామూలు గిరాకీలవి నాలుగు చూసింది. మశూచి మచ్చల మనిషి, మెల్లకన్ను పిల్ల. అవి తేటగా ఉన్నాయి, ఎక్కడా చేయి పెట్టిన జాడ లేదు. తర్వాత తాతది చూసింది. ముఖం మీద ఏమీ లేదు. మెడ ఎడమ పక్క, దవడ కింద, వెంట్రుకల కన్నా సన్నటి పెన్సిలు గీతలు గుంపుగా మెరిశాయి.

భర్తగారికి ఆ పని తెలుసు. నెగటివ్‌లో నీడ పడిన చోటు తేటగా ఉంటుందట. అక్కడ పెన్సిలుతో సన్నగా గీస్తే కాగితం మీద ఆ నీడ మాయమవుతుందట. చాలా స్టూడియోల్లో ముడతలు అలాగే తీసేవారు. "కానీ మా మామగారు పెన్సిలు పట్టరే. పట్టనని అందరి ముందూ ఒట్టేసేవారు" అన్నాడు అయోమయంగా.

"గిరాకీల ముఖాల మీద పట్టలేదు, అది నిజమే" అంది భూతద్దం. "ఇంట్లోవాళ్ల మెడల మీద పట్టాడు. మెడలో గడ్డ ఉంటే దాని కింద నీడ పడుతుంది కదా. ఆ నీడను పూడ్చేశాడు."

మేనత్త మెడ మీదా పెన్సిలు ఉంది. నాన్న మెడ మీద మరీ దట్టంగా ఉంది, తనను తానే దిద్దుకున్నాడు పాపం. మేనత్త కొడుకుల ఫిల్ములు మాత్రం తేట. భూతద్దం ఆ ఇద్దరివీ మళ్లీ మళ్లీ చూసింది, చూసినకొద్దీ ముఖం విప్పారింది. నాన్న ఎన్నేళ్లు బతికాడని అడిగింది. ఎనభై మూడట. ఎలా పోయాడంటే, మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తూ నిద్రలోనే పోయాడట.

"అయితే ఇవాళ మీరు కూడా భోంచేయవచ్చు" అంది ఆవిడ. ఆఖరి ఫిల్ము ఒకటి మిగిలింది. దాన్నీ వెలుతురుకు వంచి చూసి, తన కోటు లోపలి జేబులో పెట్టుకుంది.

ఆపరేషన్ గది బయట కాలరు చేతులు కడుక్కోబోతున్నాడు. లోపల చెల్లెలు బల్ల మీద ఉంది. ఎక్స్‌రేలు చూసే వెలుగు పెట్టె గోడకు ఉంది. భూతద్దం దాన్ని వెలిగించి, మూడు నెగటివ్‌లు వరసగా నిలబెట్టి, మెడలోని తాడు తీసి అతని చేతికిచ్చింది.

"ఒక్కరిని చూపించమన్నావు. ముగ్గురిని తెచ్చాను. ఎడమ దవడ కింద చూడు."

అతను చూశాడు. మొదట నవ్వబోయాడు. రెండోదాని దగ్గర నవ్వు ఆగింది. నాన్న ఫిల్ము దగ్గర చాలాసేపు వంగి ఉండిపోయాడు. గీతలు చూడడానికి అంతసేపు పట్టదు. ఆ పెన్సిలు పట్టిన చేయి అతనికి తెలిసిందే.

"ఇవి గోళ్ల గీతలు కావచ్చు. పాతబడ్డ నెగటివ్‌లు" అన్నాడు చివరికి.

"మెడ మీదే పాతబడ్డాయా? మీ నాన్న పులిపిరి మీద ఎందుకు పడలేదు గీతలు? ఆ మశూచి మనిషి ముఖం మీద ఎందుకు పడలేదు?" అని భూతద్దం గొంతు పెంచకుండానే అడిగింది. "నీకు సర్జరీ నేను నేర్పలేదు. కానీ తెలియని గడ్డ మీద కత్తి పెట్టకూడదని నేనే నేర్పాను. అది మరిచిపోయే పిల్లాడివి కాదు నువ్వు. ఇవాళ ఎందుకు మరిచిపోవాలనుకుంటున్నావు?"

అతను తాడు తిరిగి ఆవిడ చేతిలో పెట్టాడు. కాగితం తీసుకుని స్కానుకు సంతకం పెట్టాడు.

స్కానులో దాపరికం ఏమీ లేదు. మెడలోని పెద్ద నాళం రెండుగా చీలి, ఆ రెండు కొమ్మలూ పంగలకర్ర మాదిరి ఎడంగా జరిగి ఉన్నాయి. ఆ పంగలో గడ్డ ఒదిగి కూర్చుంది, ఒళ్లంతా నెత్తురుతో వెలిగిపోతూ. స్కాను చూసే డాక్టరు కుర్చీలోంచి లేచి నిలబడి, దీన్ని కోయాలనుకున్నది ఎవరండీ అని అడిగాడు. కాలరు గోడ వైపు తిరిగాడు. భూతద్దం మాట మార్చేసింది. ఓడిపోయినవాణ్ణి నలుగురిలో నిలబెట్టడం ఆవిడ పద్ధతి కాదు.

ఆపరేషన్ రద్దయిన కబురు ఫొటోగ్రాఫరమ్మకు ఆవిడే చెప్పింది. ఇది నెమ్మది రకం, నాళాల పని తెలిసిన సర్జనును పిలిచి తీరిగ్గా ఆలోచిద్దాం, తీయాలా కనిపెట్టుకుని ఉంటే చాలా అన్నది అప్పుడు తేలుతుంది అంది. కెమెరా పట్టీ మాత్రం ఇక భుజానికి వేసుకోవాలి. ఉదయం ఇచ్చిన మాట కూడా తీర్చింది.

"ఈ జబ్బుకో చిత్రమైన నడక ఉందమ్మా. తండ్రి నుంచి వస్తే గడ్డ కడుతుంది. తల్లి నుంచి వచ్చినా పిల్లల్లో సాధారణంగా నిద్రపోతూనే ఉంటుంది. మీ మేనత్తకు ఉంది, ఆవిడ కొడుకులకు లేదు. రక్తపరీక్ష చేయించాల్సిందే, కానీ మీ అమ్మాయి గురించి ఈ రాత్రి హాయిగా నిద్రపో."

ఫొటోగ్రాఫరమ్మ ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. పొద్దున్నుంచి కడుపు మాడ్చుకున్న మొగుడూ పెళ్లాలిద్దరూ ఒకే పళ్లెంలో ఇడ్లీలో రొట్టెలో చూసుకోకుండా తినేశారు. మా నాన్న అబద్ధమాడాడా అయితే అని ఆవిడ మధ్యలో అడిగింది. అబద్ధం కాదు, పిల్లలు భయపడతారని దాచుకున్నాడు అని భూతద్దం చెప్పింది. అలా చెబుతుంటే ఆవిడకే ఎంతో తృప్తిగా అనిపించింది. ముక్కలు చూసి జబ్బుకు పేరు పెట్టిన రోజులు వేలున్నాయి. ముక్క రానివ్వకుండా పేరు పెట్టిన రోజు ఇదొక్కటే.

కానీ లోపలి జేబులో ఇంకో ఫిల్ము ఉంది.

కాలరు వెలుగు పెట్టె దగ్గరే ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఆవిడ తలుపు మూసి, ఆ ఫిల్మును తండ్రి ఫిల్ము పక్కన నిలబెట్టింది. పెద్ద సర్జను పదవి వచ్చిన రోజు ఫొటో అది. అందులో అతని మెడకు రెండు పక్కలా పెన్సిలు ఉంది.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మీ కుటుంబంలో ఎవరికుందని అడిగేటప్పుడు నీ చేయి కాలరు మీదికి పోయింది. పొద్దున నాకు వెలగలేదు" అంది భూతద్దం. "చెల్లెలిది గ్రంథి అయితే నీదీ గ్రంథే. అందుకే దాన్ని గ్రంథిని చేయాలనుకున్నావు. కదా?"

అతని చేయి పైకి లేచింది. ఇన్నేళ్లుగా ఎవరూ విప్పగా చూడని గుండీ విప్పాడు, తర్వాత రెండోది. భూతద్దం దగ్గరికి వెళ్లి ఎడమ పక్క వేళ్లు ఆనించింది. పక్కలకు కదిలింది, పైకీ కిందికీ కదలలేదు. కుడి పక్క కూడా అంతే. రెండింటిలోనూ నాడి కొట్టుకుంటోంది.

"నాన్నకు తెలుసన్నమాట" అన్నాడతను. "నాకన్నా ముందే తెలుసు."

"మీ నాన్న ఎనభై మూడేళ్లు బతికాడు. నువ్వూ బతుకుతావు. కానీ రెండు పక్కలా ఉంది గనుక జాగ్రత్తగా..."

అతను వినడం లేదు. తండ్రి నుంచి వస్తే గడ్డ కడుతుందని చెల్లెలికి చెబుతుండగా అతను గుమ్మంలోనే ఉన్నాడని భూతద్దానికి అప్పుడు గుర్తొచ్చింది.

"మా పెద్దది ఉంది కదా మేడం, కాలేజీలో చేరింది" అన్నాడు. "ఈమధ్య ఇంట్లో కూడా మెడకు స్కార్ఫు తీయడం లేదు. నా పోలికే వచ్చిందని అందరికీ చెప్పుకుని మురిసిపోతున్నాను."

భూతద్దం గోడ మీది ఫోను తీసి అతని చేతిలో పెట్టింది. గుండీలు పెట్టుకోవడం మరిచిపోయి అతను ఇంటి నంబరు నొక్కాడు.